ఓనరు గారి పచ్చికలో పాచి

కలకత్తా సాల్ట్ లేక్‌లో ఇల్లు అద్దెకు దొరికిన రోజు నేను ఆఫీసులో అందరికీ మిఠాయిలు పంచాను. ఇల్లు కొన్నవాళ్లు పంచుతారు. అద్దెకు దిగి పంచినవాణ్ణి మా ఫ్లోరు మొత్తానికీ నేనొక్కణ్ణే. నా ఆనందం ఇంటి గురించి కాదు, ఇంటి ముందున్న పచ్చిక గురించి. నేను పుట్టి పెరిగింది భవానీపూర్‌లో మునిసిపాలిటీ వాళ్లిచ్చిన ఒంటిగది క్వార్టర్‌లో. అక్కడ మా తోట అంటే, పగిలిన బకెట్‌లో ఒక పచ్చిమిరప మొక్క. అలాంటిది, కిటికీ తెరిస్తే గడ్డి కనపడే ఇంటికి వచ్చేసరికి, ఆ గడ్డినంతా నేనే మొలిపించినట్టు ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపాను. ఫోటోలో పై అంతస్తు పడకుండా జాగ్రత్తపడ్డాను. అక్కడ ఓనరు గారు ఉంటారు.

ఆయన ప్రభుత్వంలో ఏదో పెద్ద హోదాలో చేసి రిటైరైన బెంగాలీ పెద్దమనిషి. ఏ శాఖో ఎప్పుడూ చెప్పలేదు గానీ, ఏం మాట్లాడినా ఫైలు మీద నోటు రాస్తున్నట్టే ఉండేది. అద్దె కాగితంలో పచ్చికకు ప్రత్యేకంగా ఒక నిబంధన పెట్టారు. దాన్ని అద్దెదారు మంచి స్థితిలో ఉంచవలెను. ప్రతి ఏడూ దుర్గా పూజ అయ్యాక, విజయదశమి పలకరింపులకు వచ్చే బంధువులను ఆ పచ్చిక మీదే కూర్చోబెట్టి మిఠాయిలు పెట్టడం వాళ్ల ఇంటి ఆనవాయితీ అట. మంచి స్థితి అంటే ఏమిటో కూడా ఆయనే చెప్పారు. శనివారం శనివారం సిపాయి తలలా పొట్టిగా కత్తిరించాలి. రోజూ సాయంత్రం నీళ్లు పెట్టాలి. వానాకాలంలో కూడానా అని అడిగితే, నిబంధనలో వానాకాలానికి మినహాయింపు ఉందా అని ఎదురడిగారు.

అలా నేను జోరువానలో ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో పైపు పట్టుకుని గడ్డికి నీళ్లు పెట్టిన సాయంత్రాలు ఉన్నాయి. ఆయన బాల్కనీలోంచి చూస్తూ గోడవారన ఇంకా తడవలేదని చెప్పేవారు. వానలో గోడవార ఎలా తడవకుండా ఉంటుందని నేను అడగలేదు. అక్కడ కూడా తడిపాను.

ఆగస్టు వచ్చేసరికి పచ్చిక రంగు మారింది. గడ్డి పలచబడి, దాని మధ్యలో ముదురాకుపచ్చ మఖమల్ గుడ్డ పరిచినట్టు పాచి పట్టింది. మొదట నాకది అందంగానే కనిపించింది. దాని ఫోటోలు కూడా పంపాను. మా ఆవిడ వరంగల్ పిల్ల, ఇక్కడొక ఆసుపత్రి ల్యాబులో చేస్తుంది. ఆమె కూడా మెత్తగా మంచిగున్నదని, చెప్పులు విప్పి నడిచింది. ఒక సాయంత్రం పైపు లాగుతూ నేను దాని మీద కాలు జారి వెల్లకిలా పడ్డాను. ఓనరు గారు కంగారుగా దిగి వచ్చారు. ముందు గడ్డిని చూశారు, తరువాత నన్ను చూశారు. ఇదేమిటని అడిగారు. పాచి అని చెప్పాను. ఎవరు తెచ్చారు అని అడిగారు.

ఆ రాత్రి నుంచి నేను వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఏదో చలిదేశంలో ఒక తెల్లాయన తన ఇంటి ముందు నిలబడి, పాచి ఒక్కటే కాదు, గడ్డి కింద ఇంకో శత్రువు కూడా ఉంటుందని చెప్పాడు. పైకి పచ్చగా కనిపించే ఆకులకూ కింద వేళ్లకూ మధ్య, కోసి వదిలేసిన తుక్కు, చచ్చిన కాడలు ఏళ్ల తరబడి పేరుకుని అట్టకడతాయట. ముందు ఐరన్ సల్ఫేట్ చల్లి పాచిని చంపాలి, తరువాత ఇనుప పళ్ల దంతెతో గీకి అట్టను లాగెయ్యాలి. చాలా తేలిక అన్నాడు. ఐరన్ సల్ఫేట్ అంటే మన అన్నభేదేనని నాకు తరువాత తెలిసింది. అప్పటికి మాత్రం ఏదో విదేశీ ఔషధం సంపాదించినంత గర్వంతో నర్సరీ నుంచి తెచ్చాను. వీడియోలో చెప్పినదానికి రెండింతలు చల్లాను. కలకత్తా పాచి కదా, మొండిది అనుకున్నాను.

మర్నాటికి పాచి నల్లగా మాడిపోయింది. నేను మా ఆవిడను పిలిచి చూపించి, చదువుకున్నవాడి చేతిలో పడితే ఇలా ఉంటుందని చెప్పాను. ఆమె పచ్చిక వైపు చూడలేదు, గుమ్మం వైపు చూసింది. ఓనరు గారి తెల్లటి పాలరాయి మెట్ల మీద నారింజ రంగు తుప్పు మరకలు. మామూలు మరకలు కూడా కావు. నా చెప్పుల అచ్చులు, పచ్చిక దగ్గర మొదలై, మూడు మెట్లెక్కి, తిన్నగా మా తలుపు దాకా. దొంగను పట్టుకోవడానికి పోలీసులకు ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. నిమ్మకాయ రుద్దాను, సబ్బు రుద్దాను, టూత్‌పేస్టు కూడా రుద్దాను. మరక కదల్లేదు.

అక్కడితో ఆగి ఉంటే సగం పరువైనా మిగిలేది. నేను దంతె కూడా తెప్పించాను. ఒక ఆదివారమంతా పచ్చికను గీకాను. పాచి వచ్చింది, అట్ట వచ్చింది, వాటితో పాటు గడ్డి కూడా వచ్చింది. సాయంత్రానికి ఇంటి ముందు స్థలం గజ్జి పట్టిన కుక్క వీపులా తయారైంది. ఓనరు గారు మర్నాడు తలుపు కింద నుంచి ఒక కవరు తోశారు. పైనుంచి కిందికి, పద్నాలుగు మెట్లు దిగి, టైపు చేసిన ఉత్తరం. పూజకు ఏడు వారాలే ఉన్నాయనీ, పచ్చిక పూర్వస్థితికి రాకపోతే అద్దె ఒప్పందం విషయం పునరాలోచించవలసి వస్తుందనీ దాని సారాంశం.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మ ముప్పై ఏళ్లకు పైగా మునిసిపాలిటీ పార్కుల్లో కూలిపని చేసింది. కలుపు తీయడం, పాచి గీకడం, గడ్డి కోయడం, ఆకులు ఊడ్చడం. ఈ ఊళ్లో పెద్దవాళ్లు పొద్దున్నే వాకింగ్ చేసే పచ్చికల్లో చాలా వాటిని గొంతుక్కూచుని దువ్విన చెయ్యి ఆవిడది. నేను మాత్రం కాలేజీలో చేరినప్పటి నుంచి మా అమ్మ హార్టికల్చర్‌లో చేస్తుందని చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు. ఆ మాట వినగానే ఎదుటివాళ్లు టేబుల్ వెనక కూర్చున్న మనిషిని ఊహించుకునేవాళ్లు. నేను వాళ్ల ఊహకు అడ్డుపడేవాణ్ణి కాదు. పెళ్లి మాటల్లోనూ అంతే. మా ఆవిడకు నిజం పెళ్లయ్యాక మా అమ్మే చెప్పింది. ఇద్దరూ కలిసి నా గురించి చాలాసేపు నవ్వుకున్నారట.

కొత్తింట్లోకి వచ్చి మూడు నెలలైనా అమ్మ ఒక్కసారీ రాలేదు. ఫోను చేసి, ఒకసారి వచ్చి గడ్డి చూడమన్నాను.

“ఫోటోలు పంపినావు, రమ్మని ఇప్పుడేరా అంటున్నావు,” అంది. “సరే, శనోరం వస్తాను.”

శనివారం మా ఆవిడ డ్యూటీలో ఉంది. అమ్మ మెట్రో ఎక్కి, దిగి, బస్సు మారి, పొద్దున్నే వచ్చేసింది. గుడ్డసంచిలోంచి కలుపు తీసే తన సొంత ఖుర్పీ తీసింది. పిడి అరిగి వేళ్ల ఆకారం దిగిన పాత ఖుర్పీ. చనిపోయిన మా నాన్న చొక్కా చీర మీద తొడుక్కుని, ఇల్లు కూడా చూడకుండా తిన్నగా పచ్చికలో గొంతుక్కూచుంది. రెండు వేళ్లు గడ్డిలోకి దించి, చిన్న ముక్కను పైకెత్తి నాకు చూపించింది. పాత పరుపులో పీచులా, గోధుమరంగు అట్ట.

“ఇది సూడు. కింద సచ్చిన గడ్డి ఇంత మందాన పడుకుంది. నీళ్లు కిందకి దిగవు, గాలాడదు. పైన పాచి పట్టక ఏటి పడతాది? వానలో నీళ్లెట్టమని నీకెవులు సెప్పినారు?”

నేను మేడ వైపు కళ్లెత్తి చూపించాను. నీకు బుర్ర లేదా అని మాత్రం అడిగి పనిలో పడింది. ఖుర్పీ మొనతో పాచిని చెక్కలు చెక్కలుగా లేపి బుట్టలో వేస్తోంది. చచ్చిన పీచును వేళ్లతో దువ్వి లాగుతోంది. అంత లాగినా బతికున్న గడ్డి ఒక్క పోచ ఊడటం లేదు. నేను ఆదివారమంతా పడిన కష్టంలో సగం కూడా కనిపించలేదు ఆవిడ ఒంట్లో.

అప్పుడే పై బాల్కనీలోకి ఓనరు గారి భార్య వచ్చారు. కాసేపు చూసి నన్ను పిలిచారు. ఈ మాలీ మాసీని, అంటే తోటపని ఆవిడను, ఎక్కడ పట్టావు, చెయ్యి చాలా బావుంది అన్నారు. రేపు ఆదివారం పైకి వచ్చి మా కుండీలు కూడా చూస్తుందేమో అడుగు అన్నారు.

ఇక్కడ నేను చెప్పవలసిన వాక్యంలో మూడే మాటలు. ఆవిడ మా అమ్మ. బెంగాలీలో అయినా అంతే. నేను నోరు తెరిచి, “అడుగుతానండీ” అన్నాను.

ఎందుకలా అన్నానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. అమ్మ చొక్కా మోచేతి దగ్గర చిరిగి ఉంది. నేను ఆఫీసు టీషర్టులో ఉన్నాను. అంతకు మించి కారణం లేదు. మా అమ్మ బెంగాలీ నా బెంగాలీ కంటే మంచిది. ప్రతి మాటా వింది. ఖుర్పీ ఒక్క క్షణం ఆగింది. తరువాత ఆవిడ తల పైకెత్తి, ఆదివారం చర్చికి వెళ్లాలి గనక రాలేననీ, ఇవాళే ఇక్కడ పనయ్యాక వస్తాననీ చక్కటి బెంగాలీలో తానే చెప్పింది. ఆ తరువాత నా వైపు తిరిగి, అదే భాషలో, మీరు మీరంటూ మాట్లాడింది.

“దాదాబాబూ, కాసిని మంచినీళ్లిస్తారా?”

దాదాబాబు అంటే ఇక్కడ ఇళ్లలో పనివాళ్లు యజమానిని పిలిచే పిలుపు. లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాను. మా అమ్మ గ్లాసు అంచు పెదవికి తగలకుండా ఎత్తిపోసుకుని తాగి, గ్లాసును నా చేతికివ్వకుండా మెట్టు మీద పెట్టింది.

మధ్యాహ్నం పైకి వెళ్లి గంటన్నర తరువాత దిగింది. ఏమన్నారని అడిగాను. టీ ఇచ్చారు, కుండీలు చూశాను అంది. అన్నం పెట్టడానికి లోపలికి పిలిచాను. పిలిచి, కిటికీ తెర లాగాను. అమ్మ తెరను చూసింది, నన్ను చూసింది, చారులో ఉప్పు తక్కువైందని చెప్పి భోంచేసింది. నేను ఏదో సంజాయిషీ మొదలుపెట్టబోతే, నానేటీ అనలేదు కదరా అంది.

సాయంత్రం మా ఆవిడ వచ్చి సంగతి విని మండిపడింది.

“ఏంది, అత్తమ్మను పనామె అనుకుంటే నువ్వు నోర్మూసుకున్నవా? ఇప్పుడు పైకి పోయి నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?”

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. ఇద్దరూ కాసేపు గుసగుసలాడుకున్నారు. బయటికొచ్చాక మా ఆవిడ నన్ను చూసి జాలిగా నవ్వింది. ఆ నవ్వుకు నేను భయపడవలసింది. గండం గడిచిందనుకున్నాను.

ఆ తరువాత శనివారం శనివారం అమ్మ వచ్చేది. వచ్చినప్పుడల్లా గేటు దగ్గర నాకు నమస్కారం పెట్టేది. ఓనరు గారు ఆవిడ కోసం ముందే దిగి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నీళ్లు పెట్టడం మానమని ఆవిడ చెబితే, ఆయన పైపు చుట్టి స్టోర్‌రూములో పెట్టేశారు. గడ్డిని అంత పొట్టిగా కత్తిరిస్తే దాని నీడ దానికే చాలదు, పాచికి చోటిచ్చినట్టే అంటే, బుద్ధిగా తలూపారు. నిబంధన మాటే ఎత్తలేదు. పక్కింటి మామిడి కొమ్మలు ఎండను ఆపుతున్నాయని ఆవిడ అంటే, ఆయనే వెళ్లి పక్కింటివాళ్లను బతిమాలి రెండు కొమ్మలు కొట్టించారు. నేను మూడు నెలల్లో ఒక్క మాట వినిపించలేని మనిషి ఆయన.

పచ్చికకు గాలి తగలడానికి జానెడు దూరానికొకటి చొప్పున ఇనుప చువ్వతో గుంటలు పొడవాలి. ఆ పని నాకు పడింది. గుంటల్లోకి ఇసుక ఊడ్చాలి. అదీ నాకే. “దాదాబాబూ, ఆ బుట్ట కాస్త ఇటు పట్టండి,” అని అమ్మ మర్యాదగా అడిగేది. పాచి, పీచు నిండిన తడి బుట్ట ఎంత బరువుంటుందో మోసినవాడికే తెలుసు. వీధి చివర చెత్తబండి దాకా మోసేవాణ్ణి. ఓనరు గారు కుర్చీలోంచి, మాసీ చెప్పినట్టు చెయ్యి బాబూ, నేర్చుకుంటావు అనేవారు.

పైన టీ తాగి వచ్చినప్పుడల్లా అమ్మ నాకు వార్తలు తెచ్చేది. కింద అద్దెకున్నవాడు మెట్ల దగ్గర ఎదురైనా పలకరించడట. ఫోనులో మాట్లాడితే వీధంతా వినపడుతుందట.

“మనిషి మంచోడేగానీ గొప్పలెక్కువ అన్నాది పైనమ్మ,” అని చెప్పి నా ముఖం వైపు చూసేది. “నాను అవునమ్మా అన్నాను.”

నిజం చెప్పడానికి నేను ప్రయత్నించలేదని కాదు. మూడుసార్లు పైకి వెళ్లాను. మొదటిసారి నీళ్ల మోటారు గురించి మాట్లాడి దిగాను. రెండోసారి వాళ్లు పాయసం గిన్నె చేతిలో పెట్టారు. పాయసం పుచ్చుకున్న నోటితో ఎలా చెప్పేది అనుకున్నాను. మూడోసారి ఓనరు గారు నా ముఖంలోకి చాలా ఆసక్తిగా చూస్తూ, ఏమైనా చెప్పాలా అని అడిగారు. ఆయన భార్య కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడ్డారు. మెట్ల మీద మరకల గురించి క్షమాపణ చెప్పి వచ్చేశాను. నేను తలుపు దాటగానే లోపల ఎవరో నవ్వినట్టనిపించింది. టీవీ అనుకున్నాను.

పూజ నాటికి పచ్చిక నిండింది. కొత్త పోచలు గుంటల్లోంచి పుట్టుకొచ్చి బట్టతల మచ్చలను కమ్మేశాయి. గోడవారన చాపంత పాచిని మాత్రం అమ్మ ముట్టుకోలేదు. అక్కడ ఎండ ఏ కాలంలోనూ పడదు, అక్కడ గడ్డి కావాలనుకోవడమే తప్పు అని ఓనరు గారికి చెప్పింది. ఆయన ఆ పాచిని బంధువులకు తానే కావాలని పెంచినట్టు చూపించారు.

విజయ రోజున పచ్చిక మీద పదిహేను కుర్చీలు వేశారు. ఓనరు గారి పెళ్లయిన కూతురు, అల్లుడు, చుట్టాలు వచ్చారు. మమ్మల్నీ పిలిచారు. మా ఆవిడతో కలిసి కూర్చున్నాను. అప్పుడు గేటు తెరుచుకుని, గంజి పెట్టిన నేత చీరలో మా అమ్మ వచ్చింది. ఓనరు గారి భార్య ఎదురెళ్లి తీసుకొచ్చి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. పనివాళ్లను ఇంత గౌరవంగా చూసే ఇల్లు కూడా ఉందా అని నేను ఆశ్చర్యపోయాను. అంత తెలివైనవాణ్ణి.

విజయ రోజు చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లకు దణ్ణం పెడతారు. ఓనరు గారి కూతురు వరసగా పెట్టుకుంటూ వచ్చి మా అమ్మ కాళ్లకు కూడా వంగింది. అల్లుడు వంగాడు. మా ఆవిడ లేచి వెళ్లి వంగింది. ఎవరి కాళ్లకూ దణ్ణం పెట్టని, పెట్టించుకోని చర్చి మనిషి మా అమ్మ, ఇబ్బందిగా అందరి తలల మీదా చెయ్యి వేస్తోంది. కూర్చున్నది నేనొక్కణ్ణే. లేచి నిలబడ్డాను.

“ఈవిడ మా అమ్మ,” అన్నాను. “మునిసిపాలిటీ పార్కుల్లో కూలిపని చేసేది. మొదటి రోజే చెప్పవలసింది. చెప్పలేదు.”

ఎవరూ ఉలిక్కిపడలేదు. ఓనరు గారు చేతిలోని సందేశ్ మిఠాయి ముక్క తిని, వేళ్లు తుడుచుకుని, తెలుసు అన్నారు. మొదటి శనివారం టీ తాగుతూనే ఆవిడ చెప్పిందట. వాడే వచ్చి చెప్పేదాకా మీరు ఎరగనట్టుండండి అని అడిగిందట. ఎన్నాళ్లు పడుతుందో అని ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారట. కూతురికి ఫోనులో ప్రతి వారం నా సమాచారం వెళుతూనే ఉందట.

“మా ఆవిడ మూడు వారాలు అంది,” అన్నారు ఓనరు గారు. “నేను నువ్వసలు చెప్పవనే అన్నాను. నా అంచనా తప్పినందుకు సంతోషం.”

అందరూ నవ్వారు. మా ఆవిడ అందరికంటే ఎక్కువ నవ్వింది. నేను వంగి అమ్మ కాళ్లకు దణ్ణం పెట్టాను. వరసలో చివరివాణ్ణి. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, జుట్టులో ఇసుకుంది, సరిగ్గా తలంటుకో అంది.

సాయంత్రం బస్‌స్టాపు దాకా తోడు వెళ్లాను. దారిలో, తనకు కోపం రాలేదా అని అడిగాను. కాస్త దూరం నడిచాక చెప్పింది.

“రాకేటి? వచ్చింది. నువ్వు తెర లాగినప్పుడు మరీ వచ్చింది. అందుకే ఏడు వారాలు నీ సేత బుట్టలు మోయించినాను. ఒక్క వారం పనిరా అది. నానొక్కదాన్నే సేసేదాన్ని.”

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. చెయ్యి ఊపలేదు, పైట సర్దుకుంది.

అద్దె కాగితం కొత్త ఏడాదికి తిరగరాసినప్పుడు ఓనరు గారు నిబంధన మార్చారు. పచ్చిక పనులు అద్దెదారు తన తల్లి గారి సలహా మేరకు చేయవలెను. సంతకం పెట్టాను. ఈ వానాకాలం పాచి మళ్లీ వచ్చింది. రాకుండా ఉండదని అమ్మ ముందే చెప్పింది. ఇప్పుడు శనివారాలు నేనే గొంతుక్కూచుని గీకుతున్నాను. మోకాళ్లు అరగంటకే పట్టేస్తాయి, సగం గడ్డి చేతిలోకే వస్తుంది. అమ్మ, పైనావిడ పక్కపక్కన కుర్చీలేసుకుని టీ తాగుతూ నా పనితనం గురించి బెంగాలీలో ఏదో అనుకుని నవ్వుకుంటారు. నాకు ప్రతి మాటా అర్థమవుతుంది. అర్థం కానట్టు పీకుతుంటాను.